అల్లం తోట మీద ఆరు నిమిషాలు

నవ్వనంటే చెప్తాను. నవ్వినా చెప్తాననుకోండి, ఎందుకంటే మా ఆవిడ ఇప్పటికే జహీరాబాద్ సగం ఊరికి చెప్పేసింది, ఇక దాచుకోవడానికి నా దగ్గరేమీ మిగల్లేదు. కాకపోతే ఆమె చెప్పినప్పుడు నేను పూర్తి వెర్రివాణ్ణి. నేను చెప్తే ముప్పావు వంతే.

నేను ఇల్లరికం అల్లుణ్ణి. అత్తమ్మకే కాదు, గల్లీ మొత్తానికి అల్లుణ్ణే. మా పక్కింట్లో పిండి గిర్నీ నడిపే చెన్నబసప్ప నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. ఆయనా "అల్లుడూ" అనే పిలుస్తాడు. ఉత్తరాలు తెచ్చే ఆయనా అంతే. ట్రాక్టర్ల కంపెనీలో కరెంటు పని నాది. అక్కడ హాజరు పట్టీలో సదాశివ అని రాసి ఉంటుంది కాబట్టి రోజుకోసారి నా పేరు నాకు గుర్తొస్తుంది.

ఇల్లు మా అత్తమ్మది. పేరు మహాదేవమ్మ. ఇంటి వెనక, చెన్నబసప్ప పిండి గిర్నీ దాటి, ఒక ఫర్లాంగు దూరంలో ఉన్న రెండెకరాల అల్లం తోటా ఆమెదే. ఆ ఇంట్లో నాదంటూ ఉన్నవి ఒక స్క్రూడ్రైవరూ, ఒక టెస్టరూ. భాగీరథి నా భార్యే గానీ, వాళ్ళమ్మ ముందు మాత్రం నాకు అంతగా పరిచయం లేనట్టే ఉంటుంది.

ఎనభై ఆరో సంవత్సరం, వానలు మొదలైన కొత్తలో అత్తమ్మ తోట గట్టు మీద జారి పడింది. కుడికాలి ఎముక విరిగింది. మూడు నెలలు కట్టు. కట్టు విప్పిన రోజు దవాఖానలో డాక్టరు "బొక్క మంచిగ అతికింది పెద్దమ్మా, ఇగ నడువుండ్రి" అన్నాడు. అత్తమ్మ రిక్షాలో ఇంటికొచ్చి, వసారాలో మంచమెక్కి, మళ్లీ దిగలేదు.

"కాలు నాది. నాకు తెల్వదా? నిలబడితే విరుగుతది" అంది.

భయమని ఒప్పుకోదు. ఆమె అరవై ఏళ్లలో పామును చూసి భయపడలేదు, పట్వారీని చూసి భయపడలేదు. ఇప్పుడు నేలను చూసి భయమంటే ఎట్లా ఒప్పుకుంటుంది? డాక్టరు భాగీరథిని పక్కకు పిలిచి చెప్పాడట. "దీపావళి లోపల ఈమె నడువాలె. లేకుంటే కాళ్ళే నడక మరిచిపోతయి. అప్పుడు నేను గూడ ఏం జెయ్యలేనమ్మా."

ఆ పూట భాగీరథి అన్నం తినలేదు. నేనూ తినలేదు. అంటే, వడ్డించలేదు.

బండి కట్టిస్తానంది భాగీరథి. "రోగిష్టిదాని లెక్క బండిల ఊరేగాల్నా నేను?" అంది అత్తమ్మ. మంచం మోసుకుపోదామన్నాను నేను. "బతికుండంగనా?" అంది. ఆ తర్వాత నేను మంచం ఊసెత్తలేదు.

ఆమె నడవకపోయినా ఆమె తోట చూడాలి కదా. మంచం మీద నుంచి చూస్తే గిర్నీ గోడ అడ్డం. కాబట్టి అత్తమ్మ కళ్ళు నేనయ్యాను. రోజూ పనికి పోయే ముందు ఒకసారి, ఆదివారమైతే పొద్దున నాలుగుసార్లు, సాయంత్రం మూడుసార్లు. "అల్లుడా, జర పోయి చూసి రా."

పోయి రావడం కష్టం కాదు. వచ్చాక పరీక్ష ఉంటుంది.

"చూసినవా?"

"చూసిన అత్తమ్మా."

"ఎట్లున్నది?"

"మంచిగున్నది."

"ఆకు ఎట్లున్నది?"

"ఆకు... ఆకు లెక్కనే ఉన్నది."

"ఏడో బోదె కాడ నీళ్ళు నిలిచినయా?"

అల్లం బోదెలకు, అంటే మొక్కలు నాటే మట్టి వరసలకు, నంబర్లుంటాయని నాకు అప్పుడే తెలిసింది. "నిలవలే" అన్నాను ధైర్యంగా.

"అయితే నువ్వు పోనే పోలే. మొన్నటి వానకు ఏడో బోదె కాడ నిలవకుండ ఉంటయా? పో, మల్ల పో."

నిజానికి నేను పోలేదు. గిర్నీ అరుగు మీద కూర్చుని చెన్నబసప్పతో బీడీ తాగి వచ్చాను. ఆమె మంచం మీద నుంచి కదలకుండా అది కూడా కనిపెట్టింది.

అట్లాంటి రోజుల్లో ఒకనాడు కేసెట్ మల్లికార్జున్ కొట్టుకు పోయాను. బస్టాండు దగ్గర వీడియో కొట్టు వాడిది. పెళ్లిళ్లు తీస్తాడు. దుబాయిలో ఉన్న వాడి బావమరిది ఒక చిన్న విమానం పంపాడు. రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు రెండు గజాలు, ముక్కు దగ్గర బ్యాటరీతో తిరిగే మోటారు, చేతిలో పట్టుకునే రిమోటు డబ్బా. నిండా ఛార్జింగు పెడితే ఆరు నిమిషాలు ఎగురుతుంది. అదే కొట్టులో ఇంకో మూల, బొంబాయిలో పాత సామాన్ల బజారులో కొన్న బుల్లి కెమెరా ఒకటి పడి ఉంది. పెద్ద దుకాణాల్లో తలుపు మీద బిగించేది.

ఈ చేతిలో విమానం, ఆ మూలలో కెమెరా. నా బుర్ర వెలిగింది. నా బుర్ర వెలిగినప్పుడల్లా ఇంట్లో ఏదో ఒక ఫ్యూజు పోవడం మామూలే.

"మల్లీ, ఈ కెమెరాను విమానంల పెడుత. బొమ్మ గాలిలకెల్లి మా ఇంటి టీవీకి వచ్చేటట్టు చేస్త. నువ్వు వీసీఆర్ పెట్టి రికార్డు జెయ్యి. ఒక్క కేసెట్ చాలు."

"ఒక్క కేసెట్ ఎందుకన్నా?"

"రోజు పొద్దున అదే వేసి చూపిస్త. 'ఇగో అత్తమ్మా, ఇయ్యాల్టి తోట' అంట. నేను తోటకు పోయే పనే ఉండదు."

"దొరికిపోతవన్నా."

"ఎట్ల దొరుకుత? అల్లం ఏమన్న నడుస్తదా? ఇయ్యాల ఉన్నకాడనే రేపు గూడ ఉంటది."

నా తెలివికి నేనే మురిసిపోతూ ఇంటికొచ్చేసరికి భాగీరథి గుమ్మంలో నిలబడి ఉంది. మల్లికార్జున్ భార్య తారాబాయి ఆమె దోస్తు. ఆ కొట్టు నుంచి మా ఇంటికి నేను నడిచి వచ్చేలోపు మాట ముందే చేరింది.

"ఏమయ్యా, రోజూ అదే కేసెట్ చూపిస్తే మా అమ్మకు అనుమానం రాదా?"

"ఎందుకొస్తది?"

"రోజూ అదే కొంగ అదే గట్టు మీద నిలబడితే?"

"కొంగలకు అలవాట్లుంటయే."

"మా అమ్మ మంచం దిగాలె అని నేను వీరభద్రునికి మొక్కుతుంటే, నువ్వు తోటనే మంచం కాడికి తెస్తవా? ఇగ ఆమె ఎందుకు దిగుతది?"

జవాబు లేనప్పుడు నేను గొంతు పెంచుతాను. "ఆమె సంతోషంగ ఉండాలె అనే గద నేను తిప్పలు పడుతున్న!" అన్నాను. అది అబద్ధం కూడా కాదు. మంచం మీద పడుకుని గిర్నీ గోడ వంక చూసే అత్తమ్మను చూస్తే నాకు బాధగానే ఉండేది. నన్ను తోటకు పంపడం మానేస్తే ఇంకా ఎక్కువ బాధపడేవాణ్ణి.

భాగీరథి "సరే, కానియ్యి" అని లోపలికి పోయింది. పెళ్లయిన పదకొండేళ్లలో ఆమె అంత తొందరగా ఒప్పుకున్నది అదొక్కసారే. నేనే గెలిచాననుకున్నాను.

హైదరాబాదు పోయి కోఠిలో సామాన్లు కొన్నాను. బొమ్మను గాలిలోకి పంపే చిన్న డబ్బా ఒకటి సొంతంగా తయారు చేశాను. దానికి సర్కారు లైసెన్సు కావాలని తర్వాత ఎవరో చెప్పారు. ఈ మాట మీరు బయట అనకండి.

మొదటి ఆదివారం టీవీని వసారాలోకి తెచ్చి అత్తమ్మ మంచం ముందు పెట్టాం. మల్లికార్జున్ మిద్దెక్కి విమానాన్ని చేత్తో విసిరాడు. అది ఎగిరింది. నేను కళ్ళు టీవీ మీద, వేళ్లు రిమోటు మీద పెట్టి నిలబడ్డాను. టీవీ నిండా గీతలు, చుక్కలు. బరబరమని మోత.

అత్తమ్మ కళ్ళు చికిలించింది. "నా తోటల గిన్ని చీమలెక్కడియి అల్లుడా?"

"అవి చీమలు కావత్తమ్మా. డిస్టర్బెన్సు."

"అదేం పురుగు? ఏం మందు కొట్టాలె?"

నేను వివరించేలోపే విమానం తనంతట తాను ఎడమకు తిరిగి, చెన్నబసప్ప మిద్దె మీద ఆరబోసిన మిరపకాయల్లో దిగింది. చెన్నబసప్పతో పాటు ఆ సందులో నడిచిపోయేవాళ్ళందరూ సాయంత్రం దాకా తుమ్మారు.

అప్పటి నుంచి నాలుగు వారాలు నాకు గీతలే లోకం. కంపెనీలో కరెంటు పని చేసేవాణ్ణి కాబట్టి సంగతి నాకు తెలుసు. మోటారు లోపల బొగ్గు ముక్కలు రాసుకుంటూ తిరుగుతాయి. రాసుకున్నప్పుడల్లా చిన్న నిప్పురవ్వ. ప్రతి నిప్పురవ్వా ఒక చిన్న రేడియో స్టేషనే, అడగకుండానే కార్యక్రమం మొదలుపెడుతుంది. మోటారుకు తీగలు తగిలే చోటే, ఆ రవ్వల మోతను మింగే రెండు చిన్న కెపాసిటర్లు అతికించాను. కెమెరాకు మోటారు బ్యాటరీ కాకుండా వేరే చిన్న బ్యాటరీ పెట్టాను. గీతలు సగం పోయాయి.

మిగతా సగానికి కారణం తీగలు. విడివిడిగా వేలాడే పొడుగు తీగ చెత్తనంతా పట్టుకుంటుంది. పోయే తీగనూ వచ్చే తీగనూ కలిపి పేనేయాలి. నేను కటింగ్ ప్లేయరుతో మెలితిప్పితే మూడుసార్లు తెగాయి. పక్కనే దీపాలకు వత్తులు చేసుకుంటున్న భాగీరథి కాసేపు చూసింది. చేతిలోంచి తీగలు లాక్కుని, మోకాలి మీద పెట్టి అరచేత్తో ఒక్కసారి దొర్లించింది. ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే తీరుగా మెలిక పడింది.

"గిది నేర్చుకునెతందుకు కంపెనీల పదేండ్లు పట్టిందా నీకు?" అంది.

తర్వాత ఇంకో తంటా. కెమెరా బొమ్మను పంపే డబ్బా, రిమోటు మాట వినే డబ్బా రెండూ విమానం పొట్టలో పక్కపక్కనే పెట్టాను. ఇది మాట్లాడితే దానికి చెవులు వినబడవు. అందుకే విమానం మిరపకాయల్లో దిగింది. ఎట్లా సర్దాలో తెలియక తల పట్టుకుంటే భాగీరథి కూర తరుగుతూ తల ఎత్తకుండానే చెప్పింది.

"ఇద్దరు తోడికోడండ్లను ఒక్క పొయ్యి కాడ నిలబెట్టి, కొట్లాడుతున్నరని ఏడిస్తే ఎట్ల? వేరు కాపురం పెట్టియ్యి."

ఒకదాన్ని తోక దగ్గరకూ ఇంకోదాన్ని రెక్క కొసకూ పంపాను. ఆ పూట నుంచి విమానం చెప్పిన మాట విన్నది. వేరు కాపురమన్న మాట మా ఇంట్లో వినబడ్డం అదే మొదటిసారి. అదీ విమానానికి.

బొమ్మ పంపే డబ్బాకు చుట్టూ రేకు ఉండాలని, ఉంటే కొట్లాట ఇంకా తగ్గుతుందని ఒక పుస్తకంలో చదివాను. ఇంట్లో సరిపోయే రేకు చాయపత్తి డబ్బా ఒక్కటే. చాయపత్తిని జాగ్రత్తగా ఖాళీ సీసాలోకి మార్చి డబ్బాను కత్తిరించాను. అది మామిడి పచ్చడి సీసా అని నేను చూసుకోలేదు. నాలుగు రోజులు మా ఇంట్లో చాయ తాగినవాళ్ళంతా నీళ్ళడిగారు.

అన్నీ అయ్యాక కూడా టీవీలో ఒక్క లావు పట్టీ మిగిలింది. కింద నుంచి పైకి పాకుతుంది, మళ్లీ కింద నుంచి పైకి. విమానాన్ని ఎగరేయకుండా ఉత్తగా గట్టు మీద పెట్టినా అంతే. రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. మూడో రోజు గిర్నీ బందు పెట్టే వేళకు పట్టీ మాయమైంది.

పోయి చెన్నబసప్పను బతిమాలాను. "కాకా, ఆదివారం ఒక్క ఆరు నిమిషాలు గిర్నీ ఆపు."

"ఆరు నిమిషాలా? మా నాయన పోయినప్పుడు గూడ ఐదు నిమిషాలే ఆపిన అల్లుడూ."

"మా అత్తమ్మ కోసం కాకా."

అత్తమ్మ మాటెత్తితే ఆ గల్లీలో కానిది లేదు. ఆయన గడ్డం గోక్కుని, "ఆపుత. కాని నేను గూడ వచ్చి చూస్త" అన్నాడు. సరేనన్నాను. గిర్నీ ఆగితే పిండి కోసం వచ్చినవాళ్ళు ఖాళీగా కూర్చోరని నాకు తట్టలేదు.

దీపావళి ఇంకో వారం ఉందనగా ఆదివారం, మా వసారాలో ఇరవై మంది జనం, పదిహేను జొన్నల సంచులు. గిర్నీ ఆగింది. గల్లీలో ఉన్న రెండు మిక్సీలనూ ఆపించాను. తారాబాయి కుట్టు మిషను మోటారు తీసి కాళ్ళతో తొక్కుతోంది. మల్లికార్జున్ మిద్దె మీద నుంచి విమానం విసిరి, కిందికి పరుగెత్తుకొచ్చి వీసీఆర్ ముందు కూర్చున్నాడు.

బొమ్మ వచ్చింది. ఒక్క గీత లేదు. ఒక్క చుక్క లేదు.

గిర్నీ రేకులు కిందుగా పోయాయి. ముళ్ళకంచె పోయింది. దాని తర్వాత తోట. దువ్వినట్టు వరసగా బోదెలు, మధ్యలో నీళ్ళ కాలువ, గట్టు మీద, తోట పనికి కొత్తగా కుదిరిన సంగయ్య పార భుజాన పెట్టుకుని నోరు తెరిచి పైకి చూస్తున్నాడు. చెన్నబసప్ప టీవీకి దండం పెట్టాడు. నా ఛాతీ రెండంగుళాలు పొంగింది. ఇప్పుడు తలుచుకున్నా కొంచెం పొంగుతుంది.

అత్తమ్మ మోచేతుల మీద లేచి కూర్చుంది. "నా తోట" అంది. టీవీ వైపు వేలు చాపింది. "అగో, ఆ మూలనే నేను పడ్డది."

"రికార్డు ఐతున్నదన్నా" అని మల్లికార్జున్ నా చెవిలో గొణిగాడు. నాలుగు నిమిషాలు మిగిలాయి. నా ఆదివారాలన్నీ ఆ కేసెట్లో చుట్టుకుంటున్నాయి.

అప్పుడు భాగీరథి, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు అడిగింది. "అమ్మా, ఆకు రంగు ఎట్లున్నది?"

"అదే చూస్తున్న బిడ్డా. అల్లుడా, ఇవి ఏం రంగు?"

చూశాను. బూడిద రంగు. గట్టు బూడిద రంగు. సంగయ్య బూడిద రంగు. కెమెరాకు రంగులు లేవు, మా టీవీకీ లేవు. నాలుగు వారాలు ఒక్కొక్క గీతనూ ఏరి పారేసిన నాకు ఆ సంగతి ఒక్కనాడూ తట్టలేదు.

"ఆకుపచ్చ రంగే అత్తమ్మా" అన్నాను.

"నీకెట్ల తెలుసు? నువ్వు గూడ ఈ డబ్బాలనే చూస్తున్నవు గద."

"అల్లం ఆకులు ఆకుపచ్చగనే ఉంటయి గదా..."

"కొసలు పసుపు తిరిగినయా లేదా? దుంపకుళ్ళు వస్తే ముందుగాల ఆకు కొస పసుపు తిరుగుతది. నాలుగు నెలల సంది నేను నిన్ను అడిగేది గదొక్కటే!"

ఇరవై మంది నా వైపు తిరిగారు. ఒకాయన జొన్నల సంచి మీద నుంచి లేచి "అవును, గది అడగాలె" అన్నాడు. ఆయనెవరో నాకిప్పటికీ తెలియదు.

"జర కిందికి దించు. దగ్గరికెల్లి చూస్తే తెలుస్తది" అంది భాగీరథి.

దించాను.

"ఇంక జర."

"ఏడో బోదె కాడ దించు" అంది అత్తమ్మ.

దించాను. ఆకులు పెద్దవయ్యాయి.

"ఇంక జర, ఏం కాదు" అంది భాగీరథి, ఎంతో ప్రేమగా. ఆ గొంతుతో ఆమె నాతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో. ఆ మురిపెంలో నేను ఇంక జర దించాను.

టీవీలో బొమ్మ గిర్రున తిరిగింది. ఆకులు, ఆకాశం, ఆకులు, మట్టి. తర్వాత అంతా ఆగిపోయింది. అల్లం కాడలు అడ్డంగా కనబడుతున్నాయి, ఆకాశం కుడిపక్కన ఉంది. బొమ్మ మాత్రం పోలేదు. మోటారు ఆగిపోయింది కాబట్టి మునుపటికంటే ఇంకా శుభ్రంగా ఉంది.

"ఏడో బోదె మీద పడ్డదా?" అంది అత్తమ్మ.

"పడ్డది."

"ఎన్ని చెట్లు విరిగినయి?"

జవాబు చెప్పేలోపు జనమంతా లేచారు. విమానం పడిందంటే చూడకుండా ఎవరుంటారు? చెన్నబసప్ప అప్పుడే మెట్లు దిగుతున్నాడు. వెనక పందొమ్మిది మంది.

"ఆగుండ్రి!" అత్తమ్మ అరిస్తే గిర్నీ గోడ మీది పావురాలు లేచాయి. "నా తోటల ఎవ్వరు కాలు పెట్టొద్దు! మెత్తటి బోదెలు, తొక్కి నాశనం చేస్తరు!"

అందరూ ఆగారు.

"మరి ఎవరు పోవాలెనమ్మా?" అంది భాగీరథి మెల్లగా.

అత్తమ్మ టీవీలో విరిగిన కాడల వంక చూసింది. నా వంక చూసింది. నన్ను చూశాకే నిర్ణయించుకుందని నా అనుమానం.

"నేనే పోత" అంది.

అని కాళ్ళు నేల మీద పెట్టింది. భాగీరథి తలుపు వెనక నుంచి ఒక చేతికర్ర తీసి వాళ్ళమ్మ చేతికిచ్చింది. ఆ కర్రను అంతకుముందు నేనెప్పుడూ ఆ ఇంట్లో చూడలేదు. కొత్తది. పిడికి మెత్తగా గుడ్డ చుట్టి ఉంది.

ఒక చేయి కర్ర మీద, ఒక చేయి కూతురు భుజం మీద. మొదటి అడుగుకు అత్తమ్మ కళ్ళు మూసుకుంది. రెండో అడుగుకు తెరిచింది. మూడో అడుగుకు, "అల్లుడా, నీ సంగతి వచ్చినంక చెప్త" అంది. నేను వెంట పోబోతే భాగీరథి వెనక్కి తిరిగి, "నువ్వు టీవీ చూసుకో" అంది.

చూశాం. ఏం చేస్తాం? ఇరవై మంది, పదిహేను సంచులు, నేనూ, అందరం అడ్డంగా పడిన అల్లం కాడల్ని చూస్తూ కూర్చున్నాం. ఒక ఆకు ఊగింది. ఒక చీమ, ఈసారి నిజం చీమ, ఈ పక్క నుంచి ఆ పక్కకు పోయింది. ఐదు నిమిషాలు. పది నిమిషాలు. ఎక్కడన్నా పడిపోయిందేమోనని రెండుసార్లు మెట్ల దాకా పోయి వచ్చాను. మల్లికార్జున్ వీసీఆర్ మీద నుంచి వేలు తీయలేదు. పదిహేను నిమిషాలు.

అప్పుడు టీవీలో ఒక మూల నుంచి కర్ర కొస వచ్చింది. దాని వెనక ఒక పాదం. మట్టి అంటిన పాదం. ఆగింది. దాని వెనక ఇంకో పాదం.

కెమెరా పక్కకు ఒరిగి పడింది కదా, అత్తమ్మ గోడ మీద నడుస్తున్నట్టు కనబడింది. ఎట్లా కనబడితేనేం, నడుస్తోంది. చెన్నబసప్ప తలపాగా తీసి కళ్ళు తుడుచుకున్నాడు, పిండి అంటి ఇంకా నీళ్ళు కారాయి. నేను ఏడ్చాను. పిండి వల్ల కాదు.

ఆమె వంగింది. టీవీ నిండా అత్తమ్మ మొహం. ఒక ఆకు తుంపి, కెమెరాకు ఆనించి పెట్టి ఏదో అంది. మాటలు వినబడవు గానీ పెదాలు చూస్తే చివర "అల్లుడా" అన్నట్టుంది. ఆకు చాలా దగ్గరగా, చాలా స్పష్టంగా, బూడిద రంగులో ఉంది.

వాళ్ళు తిరిగొచ్చేసరికి గంట పట్టింది. గిర్నీ దగ్గర ఒకసారి, కంచె దగ్గర ఒకసారి ఆగి కూర్చున్నారట. మెట్ల దగ్గర భాగీరథి చేయి అందించబోతే అత్తమ్మ వద్దంది. తనే ఎక్కి, మంచం మీద కాదు, అరుగు మీద కూర్చుంది. పిడికిలి విప్పి ఆకు చూపించింది. కొస పసుపు తిరిగి ఉంది.

"ఏడో బోదె, ఎనిమిదో బోదె. నీళ్ళు నిలిచినయి. దుంప తీసి చూసిన, ఇంక మెత్తవడలే. ఇయ్యాల్నే కాలువ తీసి నీళ్ళు ఎల్లగొడితే దక్కుతది. రెండు దినాలాగితే తోటంతా పోతుండె." గుక్క తిప్పుకుని నా వైపు చూసింది. "అల్లుడా, పార తీసుకో."

"సంగయ్య ఉన్నడు గదత్తమ్మా..."

"సంగయ్య ఒక దిక్కు తవ్వుతడు. నువ్వొక దిక్కు."

ఆ మధ్యాహ్నం మోకాలి లోతు బురదలో దిగాను. కంపెనీలో పదేళ్లు స్క్రూడ్రైవరు తిప్పిన అనుభవం పార పట్టడానికి ఏమీ పనికిరాదని మొదటి అరగంటలోనే అరచేతులు చెప్పాయి. భాగీరథి మజ్జిగ చెంబు తెచ్చి గట్టు మీద పెట్టింది.

"కిందికి దించు, ఇంక జర దించు అన్నది కావాలెననే అన్నవా?" అని అడిగాను.

"లేకుంటే? ఆకు రంగు టీవీల కనబడదని నాకు తెల్వదా?"

"ఎప్పటి సంది తెలుసు?"

"నేను 'కానియ్యి' అన్ననాటి సంది. మన టీవీల ఎన్నడన్న రంగు చూసినమా?"

"మరి చెప్పలేదేందే! నాలుగు వారాల సంది తిప్పలు పడుతున్న గదా!"

"చెప్తే మానేస్తుంటివి" అంది. "గీతలున్నన్ని దినాలు, అమ్మ 'పాపం, అల్లునికి ఏం కనబడుతలేదు' అనుకునుడే. అంత మంచిగ కనబడ్డంకనే, కావాల్సిన ఒక్క ముచ్చటనే కనబడలేదని కోపమొచ్చింది. నువ్వు పని మంచిగ చెయ్యకుంటే అమ్మ లేస్తుండెనా?"

ఇది మెచ్చుకోలో తిట్టో నాకు అర్థం కాలేదు. మెచ్చుకోలే అనుకుని మజ్జిగ తాగాను.

"పొద్దుగూకే దాక కబుర్లేనా?" అని, కర్ర పట్టుకుని మా వెనకే మళ్లీ వచ్చిన అత్తమ్మ కేక గట్టు ఈ కొస నుంచి వినబడింది. పార ఎత్తాను. "లోతు చాలలే!" అని ఇంకో కేక, ఈసారి ఆ కొస నుంచి. ఈ కొసకూ ఆ కొసకూ మధ్య ఎంత లేదన్నా నలభై అంగలు. నాలుగు నెలలుగా అత్తమ్మ తిట్లన్నీ ఒక్క మంచం మీద నుంచే వచ్చేవి. ఆ రోజు ఒకసారి కుడి నుంచి, ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి సరిగ్గా నా నెత్తి మీద నుంచి వచ్చాయి. నేను తల ఎత్తకుండా, లోపల నవ్వుకుంటూ, తవ్వుతూ పోయాను.